‘ద’ దగ్గర ఆగిపోతున్నా

మా ఆయన్ని వీధిలో అందరూ ‘ఊఁ గారు’ అంటారు. మొహం మీద అనరు గానీ, అంటారని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఏమడిగినా ‘ఊఁ’, కాదంటే ‘ఊహూఁ’. ఈ రెండింటితోనే కాపురం, షాపు, చుట్టరికాలు అన్నీ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాడు మనిషి. నత్తి. పుట్టుకతో వచ్చింది. కొన్ని అక్షరాలు బాగానే వస్తాయి, కొన్ని పళ్ళ వెనకే ఇరుక్కుపోతాయి. ఇరుక్కున్నప్పుడు మెడ నరాలు పొంగుతాయి, కళ్ళు గట్టిగా మూసుకుంటాడు, చూసేవాళ్ళకే ఊపిరాడదు. అందుకని ఆ అక్షరాల జోలికే పోడు. ‘కత్తెర’ అనలేడు, ‘ఆ కోసేది’ అంటాడు. ‘తాళం’ అనలేడు, వేళ్ళు తిప్పి చూపిస్తాడు. నన్ను ‘ఇదిగో’ అంటాడు. మొగుడు పెళ్ళాన్ని ‘ఇదిగో’ అనడంలో వింతేముంది, మా నాన్న మా అమ్మని జీవితమంతా అలాగే పిలిచాడు.

నాకు నోటి కరువు లేదు. ఆయన వాటా కూడా దేవుడు నాకే ఇచ్చాడని మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ అనేవారు. అది తిట్టో మెచ్చుకోలో నేనింకా తేల్చుకోలేదు. ఆయన ‘మ…’ అంటే ‘మంచినీళ్ళా?’ అని గ్లాసు అందిస్తాను. ‘రే…’ అంటే ‘రేపేగా, చెప్పేశాను వాళ్ళకి’ అంటాను. సగం మాట ఆయనది, సగం నాది. ఇరవై నాలుగేళ్ళలో ఒక్క వాక్యం కూడా ఆయన ఒక్కడే చివరిదాకా మొయ్యాల్సిన పని లేకుండా చూసుకున్నాను. ఇలాంటి పెళ్ళాం ఎవరికి దొరుకుతుంది చెప్పండి.

మాది బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేసే షాపు. ముందు కౌంటరు నాది, వెనక బల్ల ఆయనది. ఊడిన చక్రాలు, తెగిన హ్యాండిళ్ళు, పళ్ళు రాలిన జిప్పులు, అన్నీ ఆ బల్ల మీదికి వెళ్ళి కొత్తగా బయటికొస్తాయి. పనిలో ఆయనకి తిరుగులేదు. వచ్చిన ప్రతి బ్యాగు మీదా నేనో పసుపు చీటీ అతికిస్తాను. వెనకాల జిగురుంటుందే, ఆ చిన్న కాగితం. ఏం చెయ్యాలో, ఎప్పటికి కావాలో, ఎవరిదో అందులో ఉంటుంది. పేర్లు రాయను, అంత చోటుండదు. మనిషి చేసే పని, అందులో మొదటి అక్షరం. ‘డా’ అంటే డాక్టరు గారు. ‘పో’ అంటే పోస్టుమాన్. ‘టీ’ అంటే టీచరమ్మ, రిటైరై ఎనిమిదేళ్ళయినా మాకింకా టీచరమ్మే. ‘ద’ అంటే మూడు షాపుల అవతలున్న దర్జీ ఆవిడ, మా బ్యాగులకి లోపలి గుడ్డ కుట్టిచ్చేది ఆవిడే. పని అయిపోగానే ఆయన చీటీ మీద ‘అయింది’ అని రాసి, ఊడదీసి, బల్ల పక్క గోడకి అతికిస్తాడు. షాపు మూసేటప్పుడు నేను వాటిని చింపి బుట్టలో వేస్తాను. చీటీ రాయడం నాది, చింపడం నాది. మధ్యలో ‘అయింది’ అన్న ఒక్క మాటే ఆయనది.

అలాంటి మనిషి సొంతంగా చీటీలు రాయడం మొదలుపెట్టాడు. అదీ గులాబీ రంగువి.

దానికి ముందు ఇంకో సంగతి చెప్పాలి. ఆరు నెలల క్రితం ఒక పొద్దున కౌంటరు దగ్గర నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే కూలిపోయాను. కడుపులో ఎవరో చెయ్యి పెట్టి మెలితిప్పినట్టు నొప్పి, తర్వాత ఏమీ గుర్తు లేదు. మా ఆయన నన్ను చేతుల మీద మోసుకుని రెండు వీధులవతల ఉన్న ఆసుపత్రికి పరిగెత్తాడట. కళ్ళు తెరిచేసరికి మంచం మీదున్నాను, చేతికి ఒక కాగితపు పట్టీ కట్టి ఉంది. దాని మీద రాసిందేమిటో తెలుసా? ‘పేరు: తెలియదు. ఆడ. వయసు: సుమారు యాభై అయిదు.’ నాకప్పుడు నలభై తొమ్మిది కూడా నిండలేదు.

వయసు సంగతి ఎలాగో దిగమింగాను. కట్టుకున్నవాడు పక్కనే నిలబడి ఉండగా నేను పేరు తెలియనిదాన్నెలా అయ్యాను? “పెళ్ళాం పేరు కూడా తెలీదా మీకు?” అని మంచం మీంచే అడిగాను. ‘ఊఁ’ కూడా అనలేదు. కంగారులో నోరు పడిపోయి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ ఊరుకున్నానా, లేదు. కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పి నవ్వించాను. “మా ఆయనకి ప్రతి బ్యాగు కంపెనీ పేరూ తెలుసండీ, నా పేరే తెలీదు” అనేదాన్ని. వెనక బల్ల దగ్గర సుత్తి చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలయ్యేది.

పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలింది. మందులూ పరీక్షలూ అంటూ నాలుగైదు నెలలు గడిచాక ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు, ఆ పై నెల పద్నాలుగు.

తేదీ ఇచ్చిన వారానికి జిప్పు రన్నర్లుండే రేకు డబ్బా మూత తీశాను. మూత లోపల గులాబీ చీటీ. అక్షరాలు ఆయనవే, చీమలు పాకినట్టు. ‘మాట్లాడాలి.’ దాని కింద ఇంకా చిన్నగా, ‘ఎవరితో? ముందు అది తేల్చుకో.’

ఇరవై నాలుగేళ్ళు ‘ఊఁ’ అన్న మనిషికి ఇప్పుడు ఎవరితోనో మాట్లాడాలని పుట్టింది. నాతో అయితే తేల్చుకోవడానికేముంది, రోజంతా ఆయన ముందే ఉంటాను కదా. ఇంకో అనుమానం కూడా వచ్చింది. మా ఇంట్లో ఉన్నది పసుపు చీటీల కట్ట. గులాబీది కొనాలంటే స్టేషనరీ షాపుకి వెళ్ళి నోరు తెరిచి అడగాలి. నేను లేకుండా ఒక్క గుండీ కూడా కొనుక్కోలేని మనిషి ఆ పని చేశాడంటే, వెనకాల ఏదో గట్టిదే ఉండాలి. నిప్పు లేందే పొగ రాదు. మూత పెట్టేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

రెండు రోజులాగి చూస్తే ఆ చీటీ లేదు. వేరేది ఉంది. ‘టీ. రెండు. గట్టిగా. అయింది.’

టీచరమ్మా? ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఆవిడతో రెండేమిటి, గట్టిగా ఏమిటి, అయిందేమిటి? ఆ సాయంత్రమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మర్నాడు టీ కొట్టువాడు గ్లాసుల కోసం వచ్చి, “అమ్మగారూ, నిన్న సారు స్వయంగా వచ్చి రెండు టీలు చెప్పారు, ఎంత గట్టిగా చెప్పారో” అన్నాడు. టీ అంటే టీ. అంతే. నాకు నవ్వొచ్చింది. నవ్వాక భయమేసింది. ఈయన పని గట్టుకుని మాట్లాడ్డం ప్రాక్టీసు చేస్తున్నాడు. ఎవరి కోసం?

అప్పట్నించి నా కళ్ళు ఆయన్నే అంటిపెట్టుకున్నాయి. మధ్యాహ్నం మూడు కాగానే లేచి, “దా…” అంటాడు. “దారమా? వెళ్ళి రండి” అంటాను నేనే. దర్జీ ఆవిడ దగ్గర లావు దారం తెచ్చుకోవడం మామూలే. కానీ అది వారానికోసారి ఉండే పని. ఇప్పుడు రోజూ. వెళ్తే పావుగంట. వచ్చేటప్పుడు మొహం చెమటపట్టి, ఎర్రగా, అదో రకం సంతోషంగా ఉండేది. ఒక్కోరోజు దారం తేవడం కూడా మర్చిపోయేవాడు.

దర్జీ ఆవిడ గురించి చెడ్డగా చెప్పడానికేమీ లేదు, అదే నా బాధ. నలభై దాటింది, ఒంటరి మనిషి. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. ఆ సూదులతోనే మాట్లాడుతుంది, అందుకని ఆవిడా తక్కువే మాట్లాడుతుంది. నాలాంటి గలగలాడే మనిషి పక్కన ఇరవై నాలుగేళ్ళున్నవాడికి అలాంటి చోటు చల్లగా అనిపించదా? 

మా షాపు వెనక గదిలో మెరూన్ రంగు సూట్‌కేసు ఒకటుంది. ఎవరో మూడేళ్ళ క్రితం ఇచ్చి మళ్ళీ రాలేదు. ఒకరోజు ఆయన మూడింటికి వెళ్ళగానే అటు చూస్తే దాని మీద దుమ్ము లేదు. మిగతా అన్నిటి మీదా ఉంది. తెరిచాను. లోపల ఖాళీ. మూత లోపలి వైపంతా గులాబీ చీటీలు.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ‘ఆవిడ లేనప్పుడే మొదలుపెట్టాలి’ అని ఒకటి. ఆవిడెవరు, నేనే. ‘పాత అలవాటు వదిలెయ్యాలి. ఇరవై నాలుగేళ్ళు చాలు’ అని ఇంకొకటి. ఇరవై నాలుగేళ్ళు మా పెళ్ళి వయసు. ‘పద్నాలుగో తేదీ లోపల. తప్పదు.’ అది నా కడుపు కోసే తేదీ. ‘లాగొద్దు. కాస్త వెనక్కి. మళ్ళీ ముందుకి’ అని ఒకటుంది, అది జిప్పు సంగతి. ఇరుక్కున్న జిప్పుని బలవంతంగా లాగొద్దని కౌంటరు దగ్గర నేనే రోజుకి పదిసార్లు చెప్తాను. దాన్ని పట్టించుకోలేదు. నా కళ్ళు పక్కదాని మీద పడ్డాయి.

‘రోజూ ద దగ్గరే ఆగిపోతున్నా.’

దాని కిందే మరొకటి, ‘ద ఒక్కటి అయితే చాలు. మిగతాదంతా దానంతటదే వస్తుంది.’

నా చీటీల భాష నాకే తిప్పికొట్టాడు. నేను నేర్పిన అక్షరమే. అడుగు తీసి అడుగు వేస్తే ఆవిడ షాపు, రోజూ అక్కడే ఆగిపోతున్నాడు, ఆవిడ సంగతి తేలితే మిగతాదంతా అదే వస్తుందట. నేను ఆపరేషన్ బల్ల మీద పడుకుని ఉండగా వీళ్ళిద్దరూ… మనిషి పోతే ‘చీటీ చిరిగింది’ అంటారు చూడండి, నా చీటీ ఇంకా చిరక్కముందే కొత్తది రాసుకుంటున్నాడు పెద్దమనిషి. పక్కన ఖాళీ సూట్‌కేసు కూడా సిద్ధం. బ్యాగుల షాపులో సూట్‌కేసు లేకపోతే వింత గానీ ఉంటే వింతేమిటని నా బుద్ధి చెప్పింది. నేను వినలేదు.

మర్నాడు మూడుంబావుకి కౌంటరు మీద ‘ఇప్పుడే వస్తాను’ అని పసుపు చీటీ అంటించి వెళ్ళాను. దర్జీ షాపు ముందు భాగంలో ఎవరూ లేరు. తెర వెనక మిషన్ నడుస్తోంది. ఒక్క నిమిషం వింటే తెలిసిపోయింది, మిషన్ కింద గుడ్డ లేదు. గుడ్డ ఉంటే చప్పుడు బరువుగా, మూలల దగ్గర ఆగి ఆగి వస్తుంది. ఇది ఉత్తినే, టకటకమని ఒకే తీరుగా. పట్టపగలు ఒక ఆడది గుడ్డ లేకుండా మిషన్ ఎందుకు తిప్పుతుంది? దాని కింద ఇంకో చప్పుడు వినపడకుండా ఉండటానికి. ఆ చప్పుడు కూడా ఉంది. మగగొంతు. ఏమంటున్నాడో తెలీలేదు.

తెర లాగితే అయిపోయేది. చెయ్యి చాచాను కూడా. కానీ లాగి ఏం చూస్తాను, చూశాక ఎక్కడికెళ్తాను? ముక్కు మీద కోపం ఉన్నదాన్నని పేరే గానీ, ఆ పూట చాచిన చెయ్యి దించేసుకున్నాను. వెనక్కొచ్చేశాను.

మర్నాడు ఆవిడే లోపలి గుడ్డలు ఇవ్వడానికి మా షాపుకొచ్చింది. “ఈమధ్య మా ఆయన మీ దగ్గర దారం బాగా ఖర్చుపెట్టిస్తున్నట్టున్నారు” అన్నాను, నవ్వుతూనే. ఆవిడ పెదాల మధ్య సూదులు తీసి కొంగుకి గుచ్చుకుంది. అంటే ఏదో పెద్ద మాటే చెప్పబోతోందన్నమాట. మళ్ళీ ఏమనుకుందో, “అది ఆయన్నే అడగండక్కా. నేను చెప్తే బాగోదు” అంది. చెప్పి నవ్వింది. నన్ను అక్కా అంది, దానికి ఇంకా మండింది.

పన్నెండో తేదీన నా వల్ల కాలేదు. మాట్లాడదామని వెనక బల్ల దగ్గరికి వెళ్ళాను. విచిత్రం ఏమిటంటే, నాకు నోరు రాలేదు. నాకు. ఇంటిల్లిపాది మాటా మాట్లాడేదాన్ని, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. ఏం చెయ్యాలో తోచక, అలవాటైన పనే చేశాను. సూట్‌కేసులోంచి తెచ్చిన ‘రోజూ ద దగ్గరే ఆగిపోతున్నా’ చీటీ ఆయన ముందు బల్లకి అంటించాను. దాని పక్కన నా పసుపు చీటీ ఒకటి పెట్టి, ఏ బ్యాగుకైనా రాసినట్టే రాశాను, ‘ఎవరిది? ఎప్పటికి కావాలి?’

ఆయన మొహంలో రక్తం లేదు. లేచి నిలబడ్డాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. “ద…” అన్నాడు. మెడ నరాలు పొంగాయి. “ద… ద…”

“దర్జీదేగా,” అన్నాను. నోరు అప్పుడొచ్చింది. “చెప్పక్కర్లేదు, నాకు తెలుసు.”

“ఊహూఁ.”

“ఊహూఁ అంటే కాదనా, చెప్పననా?”

మళ్ళీ “ద…” అన్నాడు. నాకు వినే ఓపిక లేదు. “చాలండి. ఎల్లుండి ఆపరేషన్. అది అయ్యాక నేనుంటే అప్పుడు చూసుకుందాం. లేకపోతే మీకు బాధే లేదు” అన్నాను. ఆయన గులాబీ కట్ట లాక్కుని పెన్ను తీశాడు. రెండు అక్షరాలు రాశాడో లేదో, ఆగాడు. ఆ కాగితం చింపి ఉండచుట్టి జేబులో వేసుకున్నాడు. రాయడానికి కూడా మొహం చెల్లలేదని నేననుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నాను.

పదమూడో తేదీ ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆయన మాట్లాడకపోవడం ఇంట్లో ఎవరికీ తెలీదు గానీ, నేను మాట్లాడకపోతే ఇల్లు గుయ్యిమంది. ఒక్కటే తెలుసుకోవాలని ఉంది నాకు. ఆ ఆపరేషన్ బల్ల మీంచి లేచాక నాకు వెళ్ళడానికి ఇల్లుందా లేదా? అది తెలీకుండా కత్తి కిందికి వెళ్ళాల్సొస్తోంది.

పద్నాలుగో తేదీ పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాం. కౌంటరు దగ్గర అద్దం, అద్దంలో గుండ్రటి కన్నం, అవతల తలెత్తకుండా రాసుకునే గుమాస్తా. మా వెనక వరసలో ఏడెనిమిది మంది ఉన్నారు.

“పేషంటు పేరు?” అన్నాడు గుమాస్తా.

ఇలాంటి చోట ఇరవై నాలుగేళ్ళుగా జవాబు నాది. ఆ రోజు నోరు బిగించుకున్నాను. చెప్పుకో నాయనా, దర్జీ ఆవిడ దగ్గర అంత మాట్లాడతావు కదా, ఇక్కడ కూడా మాట్లాడు అనుకుని గోడ మీద గడియారం చూస్తూ నిలబడ్డాను. శుద్ధ పగతోనే ఊరుకున్నాను, అబద్ధం ఎందుకు.

మా ఆయన కన్నం దగ్గరికి వంగాడు. “ద…” అన్నాడు.

ఇక్కడ కూడా దర్జీయేనా అని ఒళ్ళు మండింది. మండిన మరుక్షణం ఆగిపోయాను. గుమాస్తా అడిగింది పేషంటు పేరు. పేషంటుని నేను. ఇంట్లో అందరికీ నేను బుల్లిని, వీధిలో అమ్మగారిని, ఆయనకి ‘ఇదిగో’ని. బడి రిజిస్టరులో, పెళ్ళి కాగితంలో, రేషన్ కార్డులో తప్ప ఎవరూ వాడని పేరు ఒకటి నాకుంది. అది ‘ద’ తోనే మొదలవుతుంది.

మా షాపు చీటీల్లో పేర్లుండవు. అందుకే నాకు తట్టలేదు. నా అక్షరం నేనే పోల్చుకోలేదు.

“ద… ద…” నరాలు పొంగాయి. కళ్ళు మూసుకున్నాడు. వెనక ఎవరో విసుగ్గా దగ్గారు. నోరు తెరిచాను. సగం అందుకోవడం నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. నా పేరే కదా, ఒక్క క్షణం పని. పళ్ళతో నాలుక కొరికి పట్టుకున్నాను. ఆ నిమిషం దాకా పగతో ఊరుకున్నదాన్ని, ఆ తర్వాత ఊరుకున్నది పగతో కాదు.

“రాసివ్వండి సార్, పోనీ,” అని గుమాస్తా కన్నంలోంచి ఒక కాగితం తోశాడు.

మా ఆయన దాన్ని వెనక్కి తోసేశాడు. “ఊహూఁ.”

అప్పుడు అరడుగు వెనక్కి వేశాడు. లాగలేదు. ఊపిరి మొత్తం వదిలేశాడు. మళ్ళీ ముందుకొచ్చి నా పేరు చెప్పాడు. ‘ద’ దగ్గర మొదలై, ఎక్కడా తెగకుండా, చివరి అక్షరం దాకా, ఆ హాల్లో అందరికీ వినపడేలా. జిప్పు పడినట్టు పడింది. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళకి ఆ గొంతులో నా పేరు మొదటిసారి విన్నాను. అంత మంచి పేరని నాకు తెలీదు.

గుమాస్తా తలెత్తలేదు. అతనికేం తెలుసు. రాసుకుని, “వయసు?” అన్నాడు.

“న… నలభై… తొ… తొమ్మిది,” అన్నాడు మా ఆయన. పూర్తయ్యేదాకా ఆగాను. అయ్యాక, “నలభై ఎనిమిదే రాసుకోండి, ఇంకా రెండు నెలలుంది” అన్నాను. ఆయన తర్వాత నేను మాట్లాడటం అదే మొదలు.

పక్కకి వచ్చాక ఆయన చొక్కా జేబులోంచి గులాబీ చీటీ ఒకటి తీశాడు. మడతల దగ్గర చిరిగేంతగా నలిగి ఉంది. పైన నా పూర్తి పేరు. కింద, ‘రాసి ఇవ్వొద్దు. నోటితో చెప్పాలి. ఈసారి తెలియదు అని రాయనివ్వను.’

అది చదివి అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. ఆరు నెలల క్రితం ఆ కన్నం ముందు ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చేతుల్లో నేను, జేబులో పెన్ను లేదు, నోట్లో ‘ద’ ఇరుక్కుపోయింది. అవతలివాడు చూసి చూసి ‘తెలియదు’ అని రాసుకుని పక్కవాణ్ణి పిలిచి ఉంటాడు. దాన్ని నేను ఆరు నెలలు ఊరందరికీ చెప్పి నవ్వాను, ఆయన వెనక బల్ల దగ్గర వింటూ ఉండగా. వదిలెయ్యాలనుకున్న పాత అలవాటు నేను కాదు, ‘ఇదిగో’.

ఆయన నా చేతిసంచీలోంచి పెన్ను తీసుకుని చీటీ అడుగున ‘అయింది’ అని రాశాడు. రాసి, అలవాటు ప్రకారం పక్కనున్న గోడకి అతికించాడు. జిగురు ఎప్పుడో పోయింది, అది జారి నా ఒళ్ళో పడింది. అయిన చీటీలు చింపడం మా షాపులో నా పని. దాన్ని చింపలేదు. గుప్పిట్లో పెట్టుకున్నాను.

“మరి దర్జీ ఆవిడ ఉత్త మిషన్ ఎందుకు తిప్పేది?” అని అడిగాను.

ఆయన నా వైపు తిరిగి కూర్చున్నాడు. “చ… చప్పుడు…” అన్నాడు. చప్పుడుంటే నత్తి తగ్గుతుందనా, ఆ తాళానికి మాట కలుస్తుందనా, ఎవరూ వినరనా, నా నాలుక మీదికి మూడు జవాబులు ఒక్కసారే వచ్చాయి. మూడూ మింగేశాను. ఆయన కాస్త వెనక్కి, మళ్ళీ ముందుకి, ఒక్కో మాటే తెస్తున్నాడు. ఆవిడ తమ్ముడికీ చిన్నప్పుడు ఇలాగే ఉండేదట. ఆ తర్వాతి మాట ఇంకా రావాల్సి ఉంది.

ఇంతలో నర్సు తలుపు తీసి నా పేరు పిలిచి, “పదండమ్మా, టైమైంది” అంది.

“ఒక్క నిమిషం ఉండమ్మా,” అన్నాను. “మా ఆయన మాట్లాడుతున్నాడు.”